బి.టి. మందు పిచికారీకి ముందు పాటించవలసిన జాగ్రత్తలు

బాసిల్లస్ తురింజియెన్సిస్ (బి.టి.) అనే బాక్టీరియా తయారుచేసే విష ప్రోటీన్లతో లద్దెపురుగులను అదుపు చేయదలచినవారు ముందుగా గుర్తుంచుకోవలసింది, ఇది పురుగు తింటేనే పనిచేసే మందు అన్న సంగతి. ఆకుతోపాటు లోపలికి వెళ్లిన ప్రోటీన్ స్ఫటికం పురుగు పేగులోని క్షార రసాలలో కరిగి, అక్కడి ఎంజైముల వల్ల చురుకైన విషంగా మారి, పేగు గోడకు రంధ్రాలు చేస్తుంది. కొన్ని గంటలలో మేత మానేసినా, పురుగు చావడానికి రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. మరునాడు పురుగులు కదులుతున్నాయని కంగారుపడి ఘాటైన రసాయన మందు కొడితే, బి.టి. హాని చేయకుండా వదిలిన మిత్రపురుగులు కూడా నశిస్తాయి. అందువల్ల ఆకులపై కొత్తగా కొరికిన గుర్తులు ఆగాయా లేదా అని చూసి ఫలితాన్ని అంచనా వేయాలి.

మందు ఎంపికలో పొరపాటు జరిగితే శ్రమంతా వృథా అవుతుంది. ఈ బాక్టీరియాలో కుర్‌స్టాకి, ఐజవై రకాలు లద్దెపురుగులకు, టెనెబ్రియోనిస్ రకం కొన్ని పెంకుపురుగులకు, ఇజ్రాయెలెన్సిస్ దోమ పిల్లలకు పనికొస్తాయి. పేనుబంక, తెల్లదోమ వంటి రసం పీల్చే పురుగులు ఆకుపై పడిన మందును తినవు గనుక వాటిపై ఈ పిచికారీ పనిచేయదు.

గుడ్లు పగిలి చిన్న పురుగులు బయటికి వచ్చిన తొలి రోజులే సరైన సమయం; పెద్దవైన పురుగులు, కాండంలోకి, కాయలోకి దూరినవి తప్పించుకుంటాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మందు కొద్ది రోజులలోనే శక్తి కోల్పోతుంది కాబట్టి సాయంత్రం, వాన సూచన లేనప్పుడు, ఆకు అడుగు భాగం తడిసేలా కొట్టాలి. కలిపిన ద్రావణాన్ని నిల్వ ఉంచకూడదు.

పట్టుపురుగులు పెంచేచోట అత్యంత జాగ్రత్త అవసరం. 1901లో జపాన్‌లో ఇషివాతా అనే శాస్త్రవేత్త ఈ బాక్టీరియాను గుర్తించింది జబ్బుపడిన పట్టుపురుగులలోనే. మల్బరీ తోటల వైపు తుంపర వెళ్లే గాలి ఉంటే పిచికారీ మానుకోవాలి.

మనిషి కడుపులో ఆమ్లం ఉండడం వల్ల ఈ ప్రోటీన్ మనకు విషంగా మారదు. అయినా పొడి కంట్లో పడినా, ఊపిరితో లోపలికి పోయినా బాధ కలుగుతుంది గనుక మాస్కు, కళ్లద్దాలు, చేతొడుగులు తప్పనిసరి. రోగనిరోధక శక్తి తగ్గినవారు ఈ పనికి దూరంగా ఉండడం మంచిది.

ఒకే మందును పదేపదే వాడితే పురుగులు తట్టుకోవడం నేర్చుకుంటాయి. క్యాబేజీని ఆశించే డైమండ్ బ్యాక్ మాత్ ఇప్పటికే పొలాలలో అలా మారింది. అందుకే వరుస తరాల పురుగులపై వేరే విధంగా పనిచేసే మందును మార్చి వాడాలి.