ఆన్‌లైన్ సెల్లర్ రీఫండ్ ఇవ్వకపోతే విశాఖ నుంచే ఫిర్యాదు ఎలా పెట్టాలి

మద్దిలపాలెంలో మా ఇంటికి వచ్చిన మిక్సీ పెట్టె తెరిస్తే పెద్ద జార్ అంచు పగిలి ఉంది. రిటర్న్ పెట్టాను, పికప్ అబ్బాయి వచ్చి తీసుకెళ్లాడు, యాప్‌లో పది రోజులు రీఫండ్ ప్రాసెస్‌లో ఉందని చూపించి, చివరికి "తిరిగి వచ్చింది మేం పంపిన వస్తువు కాదు" అని సెల్లర్ తేల్చేశాడు. పోయింది 4,299 రూపాయలు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే సెల్లర్ సూరత్‌లో ఉంటాడు, ఆయనతోనే మాట్లాడుకోండి, మాది ప్లాట్‌ఫామ్ మాత్రమే అన్నారు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, నాలుగు వేల కోసం సూరత్ ఎవరు వెళ్తారని. వెళ్లక్కర్లేదు. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఎక్కడ ఉంటున్నామో, లేదా ఎక్కడ పని చేసుకుంటున్నామో అక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (వినియోగదారుల కోర్టు) ఫిర్యాదు వేయొచ్చు. పాత 1986 చట్టంలో ఈ వీలు లేదు. సెల్లర్ ఏ ఊళ్లో ఉన్నా మీ కేసు విశాఖపట్నంలోనే నడుస్తుంది, ఇది ముందు మనసులో పెట్టుకోండి.

అయితే నేరుగా కమిషన్‌కి వెళ్లకండి. ముందు రాతపూర్వకంగా అడగాలి. ఫోన్లో ఎంత అరిచినా రేపు చూపించడానికి ఏమీ ఉండదు. ప్రతి ప్లాట్‌ఫామ్ యాప్‌లోనూ వెబ్‌సైట్‌లోనూ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, మెయిల్ ఐడీ పెట్టి తీరాలి, అది సాధారణంగా పేజీ అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆ ఆఫీసర్ 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఫిర్యాదుకి టికెట్ నంబర్ కూడా ఇవ్వాలి. అదే మెయిల్‌లో సెల్లర్ పూర్తి చిరునామా, ఈమెయిల్ కూడా అడగండి. కొన్న తర్వాత మీరు రాసి అడిగితే వాళ్లు ఇవ్వాల్సిందే. తర్వాత కేసు వేసేటప్పుడు ఈ చిరునామా లేకే చాలామంది ఆగిపోతారు.

మెయిల్ పెద్దగా అక్కర్లేదు. ఆర్డర్ నంబర్, తేదీ, కట్టిన మొత్తం, ఏం లోపం, రిటర్న్ ఎప్పుడు తీసుకెళ్లారు, మీకేం కావాలి, ఇంతే. చెడిపోయిన వస్తువు, నకిలీది, పేజీలో చెప్పిన లక్షణాలు లేనిది, చెప్పిన గడువు దాటి వచ్చినది, వీటిని వెనక్కి తీసుకోనని గానీ డబ్బు ఇవ్వనని గానీ సెల్లర్ అనకూడదని అవే నియమాలు చెబుతున్నాయి (వరదో తుఫానో వచ్చి డెలివరీ ఆలస్యమైతే ఆ మాట వేరు). ఈ వాక్యం మెయిల్‌లో రాయండి.

ఇంకొకటి, ఇది దయచేసి వినండి. కస్టమర్ కేర్ నంబర్ కోసం సెర్చ్ ఇంజిన్‌లో వెతకొద్దు. రీఫండ్ రాక టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసమే దొంగలు నకిలీ నంబర్లు పెట్టి కూర్చుంటారు. స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నా, యూపీఐ పిన్ కొట్టమన్నా వెంటనే ఫోన్ కట్ చేసేయండి. మనకు డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోయిందంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

గ్రీవెన్స్ ఆఫీసర్ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, నంబర్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్ పోర్టల్‌లో ఖాతా తెరిచి ఫిర్యాదు రాసి, బిల్లు, స్క్రీన్‌షాట్లు జత చేస్తే ఇంకా మంచిది, డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) ఇస్తారు, దాంతో ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు. హెల్ప్‌లైన్‌కి కంపెనీని ఆదేశించే అధికారం లేదు, మీ ఫిర్యాదును కంపెనీలో సంబంధిత వాళ్లకు పంపి జవాబు రాబడుతుంది. అయినా దీన్ని తక్కువ అనుకోకండి, నా మిక్సీ డబ్బు ఈ దశలోనే వచ్చింది. పికప్ అబ్బాయికి ఇచ్చే ముందు పెట్టె, జార్, అడుగున ఉన్న సీరియల్ నంబర్ ఫోటోలు తీసి ఉంచుకోవడమే నన్ను కాపాడింది. వేరే వస్తువు పంపానన్న మాటకి ఆ సీరియల్ నంబరే జవాబు అయింది. రిటర్న్ ఇచ్చే ప్రతిసారీ ఆ రెండు నిమిషాలు కేటాయించండి, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీస్తే మరీ మంచిది.

గాజువాకలో ఉండే మా బావకి మాత్రం అక్కడ తెగలేదు, ఫోన్ విషయంలో కమిషన్‌దాకా వెళ్లాల్సి వచ్చింది. కాగితాలు అప్‌లోడ్ చేసింది నేనే కాబట్టి ఆ పద్ధతి చెప్తాను. కమిషన్‌లో ఆన్‌లైన్‌గా ఫిర్యాదు వేయడానికి ఇదివరకు ఈ-దాఖిల్ అనే పోర్టల్ ఉండేది, 2025 జనవరి 1 నుంచి దాని స్థానంలో ఈ-జాగృతి వచ్చింది. మొబైల్ నంబర్, మెయిల్‌తో రిజిస్టర్ అయి, కొత్త ఫిర్యాదులో ఆంధ్రప్రదేశ్, విశాఖపట్నం జిల్లా కమిషన్ ఎంచుకోవాలి. కట్టిన ధర 50 లక్షలలోపు అయితే జిల్లా కమిషనే, మీరు అడిగే నష్టపరిహారం ఇందులో లెక్కకు రాదు. 5 లక్షలలోపు ధరకి ఫీజు లేదు, అంటే మన మిక్సీలకీ ఫోన్లకీ ఏమీ కట్టక్కర్లేదు.

ఎదుటి పక్షం దగ్గర సెల్లర్‌ని ఒక్కడినే పెట్టకండి, ప్లాట్‌ఫామ్‌ని కూడా చేర్చండి. సెల్లర్ దుకాణం ఎత్తేసి కనిపించకుండా పోవచ్చు, ప్లాట్‌ఫామ్ పోదు. ఫిర్యాదు పీడీఎఫ్‌లో జరిగింది తేదీల వరుసలో రాయాలి, చివర ఏం అడుగుతున్నారో విడివిడిగా, అంటే వస్తువు ధర, దానిపై వడ్డీ, ఇబ్బందికి పరిహారం, ఖర్చులు. దీంతోపాటు నోటరీ చేయించిన అఫిడవిట్ (రాసింది నిజమని ప్రమాణ పత్రం), తేదీల పట్టిక, ఇన్‌వాయిస్, చెల్లింపు రుజువు, మెయిళ్లు, చాట్ స్క్రీన్‌షాట్లు, హెల్ప్‌లైన్ డాకెట్ పెట్టాలి. నోటరీలు జిల్లా కోర్టు దగ్గర దొరుకుతారు. వకీలు తప్పనిసరి కాదు, మీ కేసు మీరే వాదించుకోవచ్చు. స్క్రూటినీలో (కమిషన్ వాళ్లు కాగితాలు సరిచూసేటప్పుడు) ఏదో కాగితం లేదని వెనక్కి పంపితే భయపడకండి, మా బావకీ అఫిడవిట్‌లో సంతకం ఒక పేజీలో లేదని వచ్చింది, సరిచేసి మళ్లీ పెట్టాం. పోర్టల్‌ని రెండు మూడు రోజులకోసారి చూస్తూ ఉండాలి, మెసేజ్ వస్తుందిలే అని ఊరుకోవద్దు.

ఫిర్యాదు తీసుకోవాలా వద్దా అన్నది మామూలుగా 21 రోజుల్లో తేలాలి. నోటీసు అందాక ఎదుటివాళ్లు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, కమిషన్ ఇంకో 15 రోజుల వరకు పొడిగించొచ్చు. నోటీసు అందినప్పటి నుంచి మూడు నెలల్లో, వస్తువుకి ల్యాబ్ పరీక్ష అవసరమైతే ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం. నిజంగా అంతకంటే ఎక్కువే పట్టొచ్చు, ఓపిక ఉండాలి. రాలేకపోతే వీడియోలో విచారణ కావాలని దరఖాస్తు పెట్టుకోవచ్చు. మధ్యలో రాజీకి పిలిస్తే నోటిమాటకి ఒప్పుకోకండి, ఎంత, ఏ తేదీకి అన్నది కాగితం మీద పెట్టించాకే సంతకం చేయండి. మా బావది రాజీతోనే ముగిసింది, ఫోన్ ధర మొత్తం వచ్చింది.

వివాదం మొదలైన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. "చూస్తున్నాం సార్" అనే మెయిళ్లు నమ్ముకుని ఆ గడువు పోగొట్టుకోవద్దు. తీర్పు మీకు అనుకూలంగా వస్తే, దాని మీద వాళ్లు రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు చేయడానికి 45 రోజులు ఉంటాయి, ముందుగా తీర్పులో కట్టమన్న డబ్బులో సగం కట్టాలి. అప్పీలూ లేదు, డబ్బూ లేదు అంటే అమలు కోసం ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. ఆదేశం పాటించనివాళ్లకి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25 వేల నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. ఆ పిటిషన్ కూడా ఇక్కడే, తీర్పు ఇచ్చిన విశాఖ కమిషన్‌లోనే వేసుకోవచ్చు.