పెద్ద క్యాలిబర్ వేట రివాల్వర్: ఏది కొనాలి, దాని తన్నును ఎలా తట్టుకోవాలి

పెద్ద రివాల్వర్ కొనేటప్పుడు చాలామంది వేటాడబోయే జంతువును తలుచుకుని క్యాలిబర్ (తూటా వ్యాసాన్ని బట్టి రకం) ఎంచుకుంటారు. ముందు చూసుకోవాల్సింది తమ చేతిని. వైట్‌టెయిల్ జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు సుమారు 8 అంగుళాల వెడల్పు. అక్కడ .44 మాగ్నమ్ తూటా దిగితే జింక ఎక్కువ దూరం పోలేదు. అదే జింక పొట్టలో .500 తూటా దిగితే రాత్రంతా పొదల్లో పడి యాతన పడుతుంది. కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే తన్నుకు భయపడి గురి తప్పేవాడికి ఎంత పెద్ద తూటా అయినా అక్కరకు రాదు.

రివాల్వర్ వేట ఎక్కువగా సాగేది అమెరికాలో. అక్కడ రాష్ట్రానికో నిబంధన ఉంటుంది. ఒకచోట కనీస క్యాలిబర్ చెబుతారు, ఇంకోచోట బ్యారెల్ పొడవు, మరోచోట ఫలానా దూరంలో తూటాకు ఇంత శక్తి మిగలాలంటారు. ఆ ఏడాది వేట నిబంధనలు చదివాకే కొనడానికి వెళ్లండి.

క్యాలిబర్లు

1935లో వచ్చిన .357 మాగ్నమ్‌ను జింక వేటకు కింది హద్దు అనుకోవచ్చు. దగ్గర దూరంలో, మంచి తూటాతో, ఓపిక ఉన్నవాడి చేతిలో పని చేస్తుంది. 1955 నాటి .44 మాగ్నమ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు, ఆగడమే మంచిది కూడా. 240 గ్రెయిన్ల (సుమారు 15న్నర గ్రాముల) తూటా సెకనుకు 1,350 అడుగుల వేగంతో వెళ్తే సుమారు 970 ఫుట్-పౌండ్ల శక్తి వస్తుంది. తూటాల రకాలు బోలెడు. అదే తుపాకీలో తక్కువ బలం ఉన్న పొట్టి తూటా, .44 స్పెషల్ కూడా కాల్చవచ్చు. ఈ చివరి సౌకర్యం ఎంత గొప్పదో సాధన మొదలుపెట్టాక తెలుస్తుంది.

ఆ పైన .454 కాసుల్, .480 రూగర్, .460, .500 స్మిత్ అండ్ వెసన్ ఉన్నాయి. .454లో .45 కోల్ట్ పడుతుంది, .460లో ఆ రెండూ పడతాయి. ఒక్క జాగ్రత్త: పొట్టి తూటాలు చాలా కాల్చాక ఛాంబర్ (సిలిండర్‌లో తూటా కూర్చునే గది) లోపల మసి వలయంలా పేరుకుంటుంది. దాన్ని ఇత్తడి బ్రష్‌తో గీకకుండా పొడుగు తూటా పెడితే సరిగా కూర్చోదు. బలవంతంగా తోస్తే పీడనం పెరుగుతుంది, ఖాళీ గుల్ల (మందు నింపే ఇత్తడి గొట్టం) బయటికి రాక మొరాయిస్తుంది. ఇంకోటి, బలమైన కొత్త తుపాకుల కోసం చేసిన బరువైన .45 కోల్ట్ తూటాలను పాతకాలపు .45 కోల్ట్ రివాల్వర్‌లో పెట్టకూడదు. ఆ తూటాకు ప్రామాణిక పీడనం 14,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), .454కు 65,000. బరువైన .45 కోల్ట్ తూటా గుల్ల కూడా మామూలు .45 కోల్ట్ కొలతల్లోనే ఉంటుంది కాబట్టి పొరపాటు సులువు.

జింకకైతే విచ్చుకునే హాలో పాయింట్ సరిపోతుంది. ఎల్క్ (పెద్ద జింక జాతి), పెద్ద అడవిపంది, ఎలుగుబంటి లాంటివాటికి విచ్చుకోకుండా నేరుగా లోపలికి దూసుకుపోయే, ముక్కు చదునుగా ఉన్న గట్టి సీసపు తూటా మేలు. .44లో అది సుమారు 300 గ్రెయిన్లు ఉంటుంది.

తన్ను లెక్క

తూటా, తుపాకీ మందు ముందుకు పోయే ఊపు ఎంతో తుపాకీ వెనక్కి వచ్చే ఊపూ అంతే. ఊపు మారకుండా తుపాకీ బరువు సగమైతే తన్ను శక్తి రెట్టింపవుతుంది. అంకెలు చూడండి, ఇవన్నీ లెక్కకట్టిన ఉజ్జాయింపులు (ఔన్సు అంటే సుమారు 28 గ్రాములు):

44 ఔన్సుల తుపాకీలో .357, 158 గ్రెయిన్లు: 6 ఫుట్-పౌండ్లు.
53 ఔన్సుల తుపాకీలో .44 మాగ్నమ్, 240 గ్రెయిన్లు: 13.
అదే తూటా 26 ఔన్సుల తేలిక తుపాకీలో: 27.
53 ఔన్సుల తుపాకీలో .480 రూగర్, 325 గ్రెయిన్లు: 22.
అదే బరువు తుపాకీలో .454, 300 గ్రెయిన్లు: 30.
72 ఔన్సుల తుపాకీలో .500, 400 గ్రెయిన్లు: 40.

మూడో వరుస దగ్గర కాసేపు ఆగండి. బెల్టుకు బరువనిపించదని తేలిక తుపాకీ కొన్నవాడు .44 చేతిలో పట్టుకుని దాదాపు .454 తన్ను తింటున్నాడు. అలాంటి తుపాకీ అడవిలో ఎలుగు ఎదురైతే ఆత్మరక్షణకు మోసుకెళ్లేది, గురిచూసి వేటాడేది కాదు. వేటకు 45 నుంచి 55 ఔన్సుల మధ్య చూడండి.

అంకెల్లో కనిపించని తేడా ఒకటుంది. .480 పీడనం 48,000 పీఎస్ఐ, .454కు 65,000. మొదటిది అరచేతిని బలంగా తోసినట్టు ఉంటుంది, రెండోది చెళ్లున కొట్టినట్టు ఉంటుంది. ఒకే బరువు తుపాకీలో .44 కన్నా బలమైనది కావాలి, కానీ చెయ్యి అదరకూడదు అనుకునేవాళ్లు .480 వైపు చూడటంలో అర్థముంది.

తుపాకీలో చూడాల్సినవి

బ్యారెల్ 6 నుంచి 8 అంగుళాలు. ఇంకా పొట్టిదైతే వేగం తగ్గుతుంది, మోత పెరుగుతుంది, తుపాకీ మీదే ఉండే ఇనుప గురికి ముందు వెనుకల మధ్య దూరం చాలదు. మరీ పొడుగైతే చేతులు చాచినప్పుడు బ్యారెల్ మూతి బరువుకు వణుకు మొదలవుతుంది. ఏడున్నర అంగుళాలు చాలామందికి కుదిరే పొడవు.

సింగిల్ యాక్షనా (ప్రతిసారీ హ్యామర్ అనే సుత్తిని చేత్తో వెనక్కి లాగి కాల్చేది), డబుల్ యాక్షనా (ట్రిగ్గర్ లాగితే హ్యామర్ తానే లేచి పడేది) అన్నది అలవాటును బట్టి. వేటలో ఎలాగూ హ్యామర్ వెనక్కి లాగే కాలుస్తాం. రూగర్ కంపెనీ సింగిల్ యాక్షన్ పాతది కొంటుంటే అది 1973కు ముందు చేసిందా అని అడగండి. ఆ తర్వాతి వాటిలో, ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బ తూటాకు చేరనివ్వని ట్రాన్స్‌ఫర్ బార్ ఉంటుంది. ముందువాటిలో, తయారీదారు తర్వాత మార్పించి ఉంటే తప్ప, హ్యామర్ కింద గది ఖాళీగా ఉంచి ఐదు తూటాలతోనే తిరగాలి.

పిడి ఆకారమే తన్నును చేతికి అందించేది. సింగిల్ యాక్షన్‌లో నాగలి పిడిలా వంగిన పాత తరహా పిడి కాల్చగానే అరచేతిలో పైకి దొర్లుతుంది. .44 వరకు అది మేలే చేస్తుంది, కొంత ఊపు ఆ దొర్లడంలో పోతుంది. ఆపైన మాత్రం పిడి మరీ పైకి జారిపోయి హ్యామర్ బొటనవేలి మొదలును గీరుతుంది. బిస్లీ తరహా పిడి నిటారుగా ఉండి ఆ దొర్లడాన్ని ఆపుతుంది. ట్రిగ్గర్ గార్డ్ వెనక భాగం నడిమి వేలి కణుపును కొడుతోందా అన్నది దుకాణంలోనే పిడి పట్టి చూసుకోవాలి. అక్కడ ఖాళీ లేకుంటే 20 తూటాలకే ఆ కణుపు వాచిపోతుంది. డబుల్ యాక్షన్‌కైతే పిడి వెనక ఉక్కు పట్టీని కూడా కప్పే మెత్తటి రబ్బరు పిడి వేయించండి. వెనక ఉక్కు బయటికి కనిపించే పిడి అందంగానే ఉంటుంది, బొటనవేలి మొదలు కమిలిపోయేది అక్కడే.

బ్యారెల్ కొసన రంధ్రాలుండే మజిల్ బ్రేక్ మూతి ఎగరడాన్ని బాగా తగ్గిస్తుంది. బదులుగా మోత పెరుగుతుంది, పక్కన నిలబడ్డవాడికి గాలి చెంపదెబ్బ తగులుతుంది. సీసపు తూటాలు కాల్చాలనుకుంటే బ్రేక్ రంధ్రాల్లో సీసం పేరుకుంటుందని గుర్తుంచుకోండి.

గురి విషయానికొస్తే రైఫిల్ స్కోప్ పెట్టనే వద్దు. అది కంటికి 3, 4 అంగుళాల దూరంలో చూసేది, రివాల్వర్ మీద నుదురు చీరుతుంది. చేయి చాచిన దూరానికి చేసిన పిస్టల్ స్కోప్ కావాలి, 2 రెట్లు పెంచేదైనా చాలు. గురి చోట ఎర్ర చుక్క చూపే చిన్న అద్దం, రెడ్ డాట్, ఇంకా సులువు, కన్ను కాస్త అటూ ఇటూ జరిగినా చుక్క కనిపిస్తుంది. 4 ఎంఓఏ (చుక్క పరిమాణాన్ని కోణంలో చెప్పే కొలత) చుక్క 50 గజాల్లో సుమారు 2 అంగుళాలను కప్పేస్తుంది. స్క్రూలను ఆల్కహాల్‌తో తుడిచి, స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక బొట్టు వేసి, తయారీదారు చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. స్క్రూ తల నుంచి, స్కోప్ కూర్చునే బేస్ మీదకు తెల్ల రంగుతో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే స్క్రూ కదిలినట్టే.

చేతులు

కుడిచేతి వాటం వాళ్లకు ఇలా. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం డబుల్ యాక్షన్ పిడి మీద వీలైనంత ఎత్తులో ఉండాలి, హ్యామర్ దారికి మాత్రం అడ్డం రాకూడదు. బ్యారెల్, ముంజేయి ఒకే గీతలోకి రావాలి. పక్కకు తిప్పి పట్టుకుంటే తన్ను మొత్తం బొటనవేలి మొదట్లోని కీలు మీద పడుతుంది. ఎడమచేతి వేళ్లు కుడిచేతి వేళ్ల మీదుగా చుట్టాలి, ఎడమచెయ్యే ఎక్కువ బిగించాలి. కుడిచెయ్యి మరీ బిగిస్తే చూపుడువేలు మొద్దుబారి ట్రిగ్గర్‌ను కుదుపుతుంది.

ఎడమ బొటనవేలు ఎక్కడుందో ప్రతిసారీ చూసుకోండి. ఆటోమేటిక్ పిస్టల్ అలవాటున్నవాళ్లు రెండు బొటనవేళ్లూ ముందుకు చాచి పెడతారు. రివాల్వర్‌లో అక్కడే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఇంచులో వెయ్యోవంతులు 4 నుంచి 8 దాకా సందు ఉంటుంది. కాల్చినప్పుడు ఆ సందులోంచి నిప్పుగాలి రెండు పక్కలకూ కత్తిలా వస్తుంది. .460, .500లలో అది వేలి కొసను తెగ్గొట్టగలదు. ఎడమ బొటనవేలు కుడి బొటనవేలి మీదకు మడిచి ఉంచాలి, సిలిండర్ వెనక అంచును దాటకూడదు.

మోచేతులు కాస్త వంగి ఉండాలి. బిగదీస్తే దెబ్బ మోచేతి కీలుకు, భుజానికి పోతుంది. మరీ వదిలేస్తే తుపాకీ నుదుటి మీదకొస్తుంది. కాల్చాక మూతిని పైకి లేవనివ్వండి. కిందకి తొక్కిపట్టాలని చూసేవాడి చెయ్యి తూటా పేలకముందే తొక్కడం నేర్చుకుంటుంది, అదే ఉలికిపాటు.

.500 లాంటి తుపాకీని మొదటిసారి పట్టేవాడికి సిలిండర్‌లో ఒకే ఒక్క తూటా పెట్టండి. తన్నుకు తుపాకీ ఎగిరి, కంగారులో వేలు మళ్లీ ట్రిగ్గర్ మీద బిగుసుకుని, మూతి ఆకాశాన్ని చూస్తుండగా రెండో తూటా పేలిపోవచ్చు.

సాధన

చప్పుడు తగ్గితే సగం తన్ను తగ్గినట్టే అనిపిస్తుంది. మాగ్నమ్ రివాల్వర్ మోత 160 డెసిబెల్స్ పరిసరాల్లో ఉంటుంది. చెవుల్లో ఫోమ్ ప్లగ్, పైన మఫ్, రెండూ కావాలి. కళ్లద్దాలు సరేసరి. పల్చటి జెల్ ఉన్న గ్లవ్ వేసుకోవడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, కానీ వేటకూ అదే గ్లవ్‌తో వెళ్లాలి, లేకపోతే పట్టు మారిపోతుంది.

.44తో ఒక పూట సాధన ఇలా సాగనివ్వండి: ఇంట్లోనే, తూటాలు వేరే గదిలో పెట్టేసి, స్నాప్ క్యాప్‌లతో (ఉత్తుత్తి తూటాలతో) 30 సార్లు ఉత్త ట్రిగ్గర్. రేంజ్‌లో .44 స్పెషల్ 20. 246 గ్రెయిన్ల మామూలు స్పెషల్ తూటా 53 ఔన్సుల తుపాకీలో మూడున్నర ఫుట్-పౌండ్లే తన్నుతుంది, పూర్తి మాగ్నమ్‌లో పావు వంతు. తర్వాత పూర్తి బలం తూటాలు 6, మళ్లీ స్పెషల్ 6. బాగా అలవాటయ్యాక కూడా పూట‌కు పూర్తి బలం తూటాలు 18 దాటనివ్వకండి, .454 ఆపైన అయితే 10 చాలు. వేళ్లలో తిమ్మిరి, మోచేతి బయటివైపు నొప్పి మొదలైతే ఆ రోజుకు ఆపేయాలి.

ఉలికిపాటు ఉందో లేదో తేల్చడానికి పక్కవాడితో ఆరు గదుల్లో మూడు అసలువి, మూడు డమ్మీలు కలగలిపి పెట్టించండి. డమ్మీ మీద హ్యామర్ పడ్డప్పుడు మూతి ఉన్నచోటే ఉంటే సరే. కిందకు వంగితే మళ్లీ స్పెషల్ తూటాలకే వెళ్లండి.

ఎంత దూరం నుంచి కాల్చాలి అన్నదానికి 6 అంగుళాల పేపర్ ప్లేటు జవాబు చెబుతుంది. బెంచి మీద నుంచి కాకుండా, వేటలో కూర్చునే తీరులో కూర్చుని ఐదు తూటాలు కాల్చండి. ఐదూ ప్లేటులో పడే గరిష్ఠ దూరం మీది. నాలుగు పడ్డాయంటే ఇంకా దగ్గరికి రావాలి. ఇనుప గురితో చాలామందికి అది 50 గజాల లోపే.

గురి సరిచేసేది వేటకు వాడే తూటాతోనే. రివాల్వర్‌లో తూటా బ్యారెల్ దాటేలోపే మూతి లేవడం మొదలవుతుంది. నెమ్మదిగా పోయే బరువైన తూటా బ్యారెల్‌లో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి దగ్గర దూరంలో తేలిక తూటా కన్నా పైన తగులుతుంది. స్పెషల్‌తో సరిచేసిన గురి మాగ్నమ్‌కు పనికిరానిది ఇందుకే. ఇసుక సంచి మీద ముంజేతులు ఆనించండి, బ్యారెల్‌ను ఆనిస్తే తూటాల గుంపు పడే చోటు మారిపోతుంది. సిలిండర్ సందు కింద పాత తోలుముక్క పరవకపోతే నిప్పుగాలి సంచిని చీల్చి ఇసుక కారుస్తుంది.

తూటా ముందుకు జారడం

ఒకటి కాలుస్తుంటే మిగతా గదుల్లోని తూటాలూ ఆ కుదుపు తింటాయి. గుల్ల వెనక్కి పోతుంది, సీసం జడత్వంతో ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అంటే గుల్లలోంచి ముందుకు జారుతుంది. బాగా జారితే ముక్కు సిలిండర్ బయటికి పొడుచుకొచ్చి బ్యారెల్ వెనక్కి తగులుతుంది, సిలిండర్ తిరగదు. గాయపడ్డ పంది ఎదురుగా ఉన్నప్పుడు అది జరగడం ఎవరికీ వద్దు. తేలిక తుపాకుల్లో, బరువు తూటాలతో ఇది ఎక్కువ.

పరీక్ష తేలిక. ఒక తూటా మొత్తం పొడవును కాలిపర్‌తో కొలిచి, అడుగున స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టండి. సిలిండర్ నింపి, గుర్తు పెట్టినదాన్ని చివరికి మిగిలేలా ఉంచి మిగతావన్నీ కాల్చండి. తీసి మళ్లీ కొలవండి. పొడవు స్పష్టంగా పెరిగి ఉంటే ఆ రకం తూటా మీ తుపాకీకి వద్దు. సొంతంగా నింపుకునేవాళ్లయితే గుల్ల మూతి తూటా గాడిలోకి గట్టిగా ముడుచుకునేలా రోల్ క్రింప్ పెంచాలి. గుల్లలన్నీ ఒకే పొడవుకు కత్తిరించి ఉంటేనే క్రింప్ అన్నిటికీ ఒకేలా పడుతుంది. ఈ పరీక్ష ప్రతి కొత్త పెట్టెకూ, ముఖ్యంగా లాట్ నంబర్ (తయారీ విడత సంఖ్య) మారినప్పుడు, మళ్లీ చేయాలి.