రోయింగ్ రేసుకు వైజాగ్‌లో సిద్ధమవడం ఎలా?

పడవ ముందుకు పోతుంటే మీరు వెనక్కి చూస్తూ కూర్చుంటారు. ముందున్నవాడికి వెనకబడ్డవాళ్లంతా కనిపిస్తారు, వెనకబడ్డవాడికి ఖాళీ నీళ్లే. ముగింపు గీత ఇద్దరికీ కనిపించదు. అందుకే 2000 మీటర్లలో ఎక్కడ ఎంత లాగాలో ఒడ్డున ఉండగానే తేల్చుకోవాలి.

మొదట రోయింగ్ మెషిన్. జిమ్‌లో ఎక్కగానే డ్యాంపర్‌ని, అంటే చక్రంలోకి ఎంత గాలి వెళ్లాలో తేల్చే మీటని, 10కి తిప్పేసేవాళ్లే ఎక్కువ. అది సైకిల్ గేరు లాంటిది, పౌరుషం కొలిచే మీటరు కాదు. 3 నుంచి 5 మధ్య పెట్టుకోండి. లాగేటప్పుడు కాళ్లు, నడుము, చేతులు. తిరిగొచ్చేటప్పుడు చేతులు, నడుము, ఆఖర్న మోకాళ్లు. ఇలా ఒకసారి లాగి తిరిగొస్తే ఒక స్ట్రోకు. నిమిషానికి 20 స్ట్రోకుల దగ్గర ఈ వరుస చెడుతుంటే 34కి వెళ్లి లాభం లేదు.

తర్వాత సముద్రం. సన్నటి రేసు పడవ అలల్లో నిలవదు, వెడల్పాటి కోస్టల్ పడవ కావాలి. ఎండెక్కాక గాలి పెరుగుతుంది కాబట్టి తెల్లవారుజామునే దిగండి. జాలర్లను గమనించండి: పెద్ద అలలు విరిగేదాకా ఆగి, సందు దొరకగానే పడవ తోస్తారు. మనమూ అంతే. లోపలికి వెళ్లేటప్పుడు ముఖం ఊరివైపే ఉంటుంది. ఆర్కే బీచ్ ఎదురుగా అయితే ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కురుసుర జలాంతర్గామినీ, దాని వెనకాల ఏదో ఒక భవనాన్నీ ఒకే గీతలో పెట్టుకోండి. రెండూ విడిపోతే పడవ పక్కకి కొట్టుకుపోతున్నట్టే. లైఫ్ జాకెట్, ఒడ్డున ఒక తోడు లేకుండా వెళ్లొద్దు. అక్కడ ఒడ్డు దాటగానే లోతు.

ఇక అసలు సంగతి. నా మొదటి రేసులో జనం కేకలకి ఊగిపోయి నిమిషానికి 40 స్ట్రోకుల మీద మొదలెట్టాను. 800 మీటర్లకే ముంజేతులు రాళ్లయ్యాయి, తెడ్డు నీళ్లలో ఇరుక్కుంది. రోయర్లు దీన్నే క్రాబ్ అంటారు. అప్పుడు లాగేకొద్దీ తెడ్డు ఇంకా లోపలికి పోతుంది. పిడిని కిందికి నొక్కితే తెడ్డు రెక్క, అంటే నీళ్లలో ఉండే వెడల్పాటి కొస, పైకి తేలుతుంది. అది నాకు ఎవరూ ముందు చెప్పలేదు, ఆ రోజు ఆఖరి స్థానం నాదే.

అందుకే లెక్క రాసుకోండి. 7 నిమిషాల 20 సెకన్లు లక్ష్యమైతే ప్రతి 500 మీటర్లకు సగటున 1:50 పడాలి. నేనైతే 1:50, 1:51, 1:51, 1:48 అని విడదీస్తాను. మొదటి పది స్ట్రోకుల ఉత్సాహం ఎవరికైనా ఉంటుంది, చివర్లో జనం కేకలే లాగించేస్తాయి. మూడో 500లో మాత్రం ఎవరూ తోడుండరు. ‘ఇంక చాల్లే’ అని లోపలి గొంతు అనేది అక్కడే. దానికి జవాబు ముందే ఎంచుకోండి, ఒక్క మాట చాలు. నాది ‘కాళ్లు’. ఆ మాట అనుకుంటూ పది స్ట్రోకులు, మళ్లీ పది. రోజూ రాత్రి పడుకునే ముందు కళ్లు మూసుకుని ఆ 500 మీటర్లనే నడిపించుకోండి, క్రాబ్ పట్టి తేరుకోవడంతో సహా.

చివరి వారం కసరత్తు తగ్గించి, వేగం మరిచిపోకుండా పడవ మీద చిన్నచిన్న వేగపు లాగుళ్లు ఉంచండి. రేసు రోజు మూడు గంటల ముందు ఇడ్లీ. ఆవకాయ జోలికి వెళ్లొద్దు. మన ఉక్కపోతలో చెమటతో పాటు ఉప్పూ పోతుంది, ఉప్పేసిన మజ్జిగ ముందురోజు నుంచే తాగండి.

పడవ ఎక్కేముందు రిగ్గర్ (పడవ పక్కకి చాచి ఉండే ఇనుప చట్రం) నట్లు, ఓర్‌లాక్ (తెడ్డుని పట్టి ఉంచే కొక్కెం) గేట్లు, కాళ్లుపెట్టే పలక చేత్తో కదిపి చూడండి. ఆ పలకకే బిగించి ఉండే బూట్ల మడమల తాడు మరీ వదులుగా ఉందేమో చూసుకోండి, పడవ తిరగబడితే పాదాలు ఊడివచ్చేది దాని వల్లే. సముద్రంలో వాడిన పడవైతే సీటు ముందుకూ వెనక్కీ జారే పట్టాలు మంచినీళ్లతో కడిగి ఉండాలి.

రెండు నిమిషాల ముందే గీత దగ్గరుండండి. పక్కవాళ్లని చూడొద్దు, తెడ్డు రెక్కలు నీళ్లలో మునిగాయో లేదో చూసుకోండి. ‘అటెన్షన్’ అన్నాక ఊపిరి వదలండి. ‘గో’ అనగానే మొదటి స్ట్రోకు ముప్పావు పొడవు, తర్వాత సగం, మళ్లీ ముప్పావు, నాలుగోది నిండుగా.