పాత మడత చాకు: మెరుగు పెట్టే ముందు విలువ కట్టడం

అటక మీది పెట్టెలో తాతల నాటి చాకు దొరికితే వెంటనే తోమి తళతళలాడించాలనిపిస్తుంది. దాని విలువకు ఎక్కువ చేటు చేసేది ఆ తొందరే. కాబట్టి ముందుగా బ్లేడు మొదట్లో ఉన్న ముద్రను భూతద్దంతో చదవాలి. నక్షత్రమూ మాల్టా శిలువా పక్కపక్కన ఉంటే అది ఇంగ్లండులోని షెఫీల్డ్‌కు చెందిన చాకుల తయారీ సంస్థ జోసెఫ్ రాడ్జర్స్ గుర్తు. అమెరికాకు చెందిన కేస్ కంపెనీ చాకుల ముద్రలో చుక్కలే తయారైన ఏడును చెబుతాయి: 1970లో పది చుక్కలుండగా, ఏటా ఒక్కొక్కటి తగ్గి 1979 నాటికి ఒక్కటే మిగిలింది.

బ్లేడు రంగు మారింది

నలుపూ ఎరుపూ ఒకటి కావు. కార్బన్ ఉక్కు మీద నిమ్మకాయలూ మామిడికాయలూ కోసిన కొద్దీ ఏర్పడే నల్లని పొర లోహానికి కొంత రక్షణనిస్తుంది, పైగా కొనేవారు దానిని వయసుకు సాక్ష్యంగా చూస్తారు గనుక దానిని తీయకూడదు. ఎర్రగా పొడిలా రాలిపోయేదే తుప్పు. కావలి, కొత్తపట్నం వంటి తీరప్రాంతాల ఉప్పుగాలికి అది త్వరగా పట్టి లోపలికి తొలుస్తుంది. కుట్టుమిషను నూనె రాసి, ఒక రాత్రి నాననిచ్చి, అతి మెత్తని స్టీలు పీచుతో ముద్రను తాకకుండా తుడవాలి. గరుకు కాగితంతో రుద్దినా, సానచక్రం మీద పెట్టినా ముద్ర అరిగిపోతుంది, దానితోపాటు ధరా పోతుంది. ఇత్తడి సామాను తోమినట్లు చింతపండుతో తోమితే పిడి లోపలి ఇత్తడి రేకులు మెరుస్తాయి కానీ, ఆ పులుపు సందుల్లో నిలిచి ఉక్కును తినేస్తుంది.

తుడిచినా తుప్పు మళ్ళీ వస్తోంది

పిడి సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌దేమో చూడండి. పాతబడిన సెల్యులాయిడ్ విచ్ఛిన్నమవుతూ ఆమ్లగుణం గల ఆవిరిని వదులుతుంది. మూసిన డబ్బాలో అది తన బ్లేడునే కాక పక్కనున్న చాకులను కూడా పాడుచేస్తుంది. పిడి పగుళ్ళిచ్చి, కర్పూరపు వాసనతో పొడిబారుతుంటే దానికి చికిత్స లేదు. మిగిలినవాటికి దూరంగా, గాలి తగిలేచోట, నిప్పుకు అందకుండా ఉంచాలి. తోలు ఒరలో దాచినవాటికీ తుప్పు, ఇత్తడికి చిలుము పడతాయి. ఒరను వేరే పెట్టుకోవడమే మందు.

తెరవడానికి బిగుసుకుపోయింది

ఎక్కువ సందర్భాల్లో కారణం ఎండిపోయిన నూనె, దుమ్మూ మాత్రమే. కొబ్బరినూనె వేస్తే కాలక్రమేణా జిగురుగా మారి మళ్ళీ అదే తంటా. కీలు దగ్గర కుట్టుమిషను నూనె చుక్క వేసి, కొద్దికొద్దిగా కదిలించాలి; పట్టకారుతో లాగితే గోరుగాడి (బ్లేడు తెరవడానికి గోరు ఆనించే గాడి) చిట్లుతుంది.

బ్లేడు ఊగుతోంది, లేదా సన్నబడింది

ఊగడం రివెట్టు వదులైనందువల్ల వస్తుంది, అనుభవమున్న పనివాడు మెల్లగా తట్టి బిగించగలడు. సాన పట్టీ పట్టీ అరిగిన బ్లేడును మాత్రం ఎవరూ పెంచలేరు. మరొక చాకు బ్లేడు తెచ్చి అతికిస్తే అది పనికి వస్తుంది కానీ, సేకరణ వస్తువుగా విలువ పడిపోతుంది. అమ్మేటప్పుడు ఆ సంగతి చెప్పి తీరాలి.

పిడి ఏనుగు దంతమని అనుమానం

దంతం వ్యాపారం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం గనుక, అలాంటి చాకుకు ధర అడగవద్దు, చెప్పవద్దు.