కర్నూలులో జడ్జి గారికి సేవా పురస్కారం: సభ పెట్టేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

హాలు మాట్లాడుకోకముందే ఒకటి తేల్చుకోండి. ఆ జడ్జి గారు సర్వీసులో ఉన్నారా, రిటైరయ్యారా? రిటైరైతే సగం పని తగ్గినట్టే. సర్వీసులో ఉంటే ముందు అనుమతి, తర్వాతే ఆహ్వానం. కింది కోర్టుల మీద అజమాయిషీ రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం హైకోర్టుది. అందుకే జూనియర్ సివిల్ జడ్జికి సన్మానమన్నా కాగితాన్ని ప్రిన్సిపల్ జిల్లా జడ్జి గారి ద్వారా పైకి పంపడమే పద్ధతి. కనీసం 6 వారాలు చేతిలో ఉంచుకోండి. లేఖలో సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు, కార్యవర్గం, ఖర్చు ఎవరు పెడుతున్నారు, వేదిక మీద ఎవరెవరు కూర్చుంటారు, ఇచ్చే వస్తువేమిటి, దాని ఖరీదెంత, అన్నీ విప్పి రాయండి. “తదితరులు” అని రాస్తే ఆ తదితరులెవరని మళ్లీ అడుగుతారు.

ఎక్కువ సభలు చెడేది చందాల దగ్గరే. స్టేజీ ఖర్చు భరించిన పెద్దమనిషి భూమి దావా అదే కోర్టులో నడుస్తుంటే జడ్జి గారు రారు, రాకూడదు కూడా. దాతల పేర్లు, కార్యవర్గం పేర్లు కోర్టు కేసుల వివరాలు దొరికే ఈ-కోర్ట్స్ సైట్‌లో పార్టీ పేరు (అంటే కక్షిదారు పేరు) కింద వెతకండి. జిల్లా, కోర్టు కాంప్లెక్సు, సంవత్సరం ఇచ్చి, పేరులో కనీసం 3 అక్షరాలు కొట్టాలి. ఒకే పేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి అన్ని స్పెల్లింగులూ చూడండి. ఒక్క ఏడాది చూసి వదిలేయొద్దు, సివిల్ దావాలు ఏళ్ల తరబడి నడుస్తాయి. ఫ్లెక్సీ మీద దాతల ఫొటోలు, పార్టీ నాయకుల ఫొటోలు అసలు వద్దు.

సన్మాన పత్రంలో తీర్పులను పొగడకండి. “పేదల పక్షాన నిలిచిన న్యాయమూర్తి” అన్న వాక్యం వినడానికి బాగుంటుంది కానీ, ఓడిపోయిన కక్షిదారుకు అదే ఆయుధం. న్యాయ విజ్ఞాన సదస్సులు, జైలు సందర్శనలు, బాల్యవివాహాలపై అవగాహన, లోక్ అదాలత్‌లు, ఇలాంటి బయటి సేవనే రాయండి. లెక్కలను జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. 120 మాటలు దాటితే చదివేవాడికీ వినేవాడికీ ఆయాసమే. ఇంకో చిక్కు: లోక్ అదాలత్‌లో ‘అవార్డు’ అంటే రాజీ ఉత్తర్వు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అది సివిల్ కోర్టు డిక్రీతో సమానం. మీరిచ్చేదాన్ని ‘పురస్కారం’ అంటే ఏ గొడవా ఉండదు.

కార్డులో తరచూ వచ్చే తప్పు ‘జస్టిస్’. అది హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తులకే. జిల్లా జడ్జి గారి పేరు ముందు శ్రీ లేదా శ్రీమతి, వెనక గారు, కింద హోదా చాలు. మైకులో “మై లార్డ్” అనొద్దు. కింది కోర్టుల్లో ‘సర్’ అంటే చాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2006లోనే చెప్పింది.

జ్ఞాపికగా వెండి పళ్లెం, ఉంగరం లాంటివి తలపెట్టకండి. సుప్రీంకోర్టు 1997 మే 7న ఆమోదించిన న్యాయ జీవన విలువల ప్రకటన, కుటుంబం, దగ్గరి బంధువులు, స్నేహితుల నుంచి తప్ప కానుకలు వద్దంటుంది. అది పై కోర్టుల వారికోసం రాసుకున్నదే అయినా మీరూ అదే కొలబద్ద పెట్టుకోండి. చెక్క ఫలకం, నూలు శాలువా, ఫ్రేము కట్టిన పత్రం బాగుంటాయి. నిమ్మలకుంట తోలుబొమ్మ చిన్నది ఒకటి పెడితే మన సీమ గుర్తూ ఉంటుంది. కడప బండ మీద చెక్కించాలన్న సరదా ఉంటే అరచేయంత ముక్క చాలు, పెద్దదైతే మోయడానికి ఇద్దరు కావాలి.

జాతీయ లోక్ అదాలత్ సాధారణంగా రెండో శనివారమే పెడతారు, ఆ తేదీ జోలికి వెళ్లకండి. ఎండాకాలమైతే సాయంత్రం 6 తర్వాతే మొదలుపెట్టండి. వక్తలు ముగ్గురికి మించొద్దు. నడుస్తున్న కేసుల మాట, రాజకీయం మాట ఎత్తొద్దని ఒక్కొక్కరికీ ముందురోజే చెప్పండి. మాట జారేవాళ్లు కనిపిస్తే మైకు దగ్గర మీ మనిషినొకడిని నిలబెట్టండి. గజమాలలు వద్దు, ఒక్క దండ, నీళ్లు కారకుండా దులిపి తెండి.

మర్నాటి ప్రెస్ నోట్‌లో పురస్కారం పేరును బిరుదులా పేరు ముందు తగిలించకండి. పద్మ పురస్కారాలనే అలా వాడకూడదని 1995లో బాలాజీ రాఘవన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.