తివాచీని తిరగేసి చదవండి: ఇంట్లోని పాత పర్షియన్ తివాచీల పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడం ఎలా

తాతల నాటి తివాచీ ఉన్న ఇంట్లో దాని గురించి ఒక కథ కూడా ఉంటుంది. నవాబు గారి దేవిడీ నుంచి వచ్చిందనో, బొంబాయిలో ఇరానీ వర్తకుడి దగ్గర కొన్నారనో, మూడు వందల ఏళ్ల నాటిదనో చెబుతారు. ఆ మాటల్ని కొట్టిపారేయకండి. కానీ ముందు తివాచీలో కనిపించేది చూసి రాసిపెట్టుకున్నాకే పెద్దవాళ్లను అడగండి. కథ ముందు వింటే కళ్లు కూడా దానికి తగ్గట్టే చూస్తాయి.

కొలత టేపు, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, తెల్లటి నూలు గుడ్డ, ఒక నోటుపుస్తకం చాలు. పగటి వెలుతురులో చూడండి. ట్యూబులైటు కింద ఎరుపులన్నీ ఒకటిగానే కనిపిస్తాయి.

ముందు వెనకవైపు

తివాచీని బోర్లా తిప్పండి. చేతి నేత అయితే ముందు వైపు డిజైను వెనకా అంతే స్పష్టంగా ఉంటుంది, వరసలు అక్కడక్కడ కొంచెం వంకర పోతాయి. వెనక జిగురుతో గుడ్డ అంటించి ఉంటే అది ముడులు వేసి నేసింది కాదు. చివరి కుచ్చులు పడుగు దారాల (నిలువుగా సాగే దారాల) కొసలే అయి ఉండాలి, అంటే తివాచీ లోపలి నుంచే రావాలి. మిషను తివాచీలకు చాలావరకు కుచ్చు విడిగా కుడతారు. అయితే ఒక్క కుచ్చును చూసి తీర్పు చెప్పకండి. అసలైన పాత తివాచీకి కూడా కొసలు అరిగిపోయాక కొత్త కుచ్చు కుట్టించి ఉండవచ్చు.

తర్వాత ముడులు లెక్కపెట్టండి. ఇరాన్‌లోని తబ్రీజ్ నగరంలో కొలత పేరు రజ్: 7 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని ముడులుంటే అన్ని రజ్‌లు. 50 రజ్ అంటే చదరపు మీటరుకు దాదాపు 5,10,000 ముడులు. అడ్డంగా, నిలువుగా, కనీసం మూడు చోట్ల లెక్కపెట్టి సగటు తీసుకోండి. ఇక్కడ దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ప్రతి ముడీ రెండు పడుగు దారాల మీద కూర్చుంటుంది. ఆ రెండూ ఒకే మట్టంలో ఉంటే వెనకవైపు ఒక్కో ముడి రెండు గింజల్లా కనిపిస్తుంది. గింజల్ని లెక్కపెడితే సంఖ్య రెట్టింపవుతుంది. అందుకని డిజైనులో ఒంటరిగా ఉన్న అతి చిన్న రంగు చుక్కను వెతకండి. అది ఒక ముడి. దాని వెడల్పును బట్టి మిగతావి లెక్కించండి.

ముడి రకం తెలియాలంటే తివాచీని ముందువైపు నుంచి అడ్డవరస వెంట మెల్లగా వంచి, పోగుల మొదట్లో భూతద్దంతో చూడండి. రెండు పడుగు దారాల మీదుగా పట్టీలా దాటి, పోగు రెండు కొసలూ ఆ దారాల మధ్య నుంచే పైకి వస్తే సమముడి, దీన్నే టర్కీ ముడి అంటారు. ఒక కొస మధ్య నుంచి, రెండోది పక్క నుంచి వస్తే అసమముడి, అంటే పర్షియన్ ముడి. పేరు చూసి మోసపోవద్దు. ఇరాన్‌లోనే తబ్రీజ్, హెరిజ్, హమదాన్, బీజార్ నేతల్లో ఉండేది టర్కీ ముడే. కాషాన్, ఇస్ఫహాన్, కెర్మాన్, నాయిన్, కోమ్ తివాచీల్లో పర్షియన్ ముడి కనిపిస్తుంది. ఖొరాసాన్ ప్రాంతంలో రెండు దారాలకు బదులు నాలుగింటి మీద వేసిన ముడి తగలవచ్చు, దాని పేరు జుఫ్తీ. పని సగానికి తగ్గుతుంది, నూగు, అంటే ముందువైపు పైకి నిలిచే పోగులు, పలచబడి త్వరగా అరుగుతుంది.

ముడుల వరసల మధ్య అడ్డంగా పోయే పేక దారం ఊరి జాడ ఇంకా బాగా పట్టిస్తుంది. వరసకు ఒక్క పేకే ఉండి, వెనక తెల్ల చుక్కలు ఒకటి విడిచి ఒకటి కనిపిస్తే హమదాన్ చుట్టుపక్కల పల్లెలది కావచ్చు. మూడు పేకలుంటే కెర్మాన్ వైపు చూడండి. నీలం రంగు పేక కాషాన్‌లో తరచూ కనిపిస్తుంది. వంచడానికే కష్టమయ్యేంత దట్టంగా, బరువుగా ఉంటే బీజార్. పడుగు నూలుదైతే ఎక్కువగా పట్టణాల నేత, ఉన్నిదైతే కష్కాయి, బలూచ్ లాంటి సంచార తెగల నేత. వీటిలో ఏ ఒక్కటీ చాలదు. మూడు నాలుగు గుర్తులు ఒకే వైపు చూపితేనే ఊరి పేరు రాయండి.

తెలుగువాళ్ల ఇళ్లలో ఇంకో సంగతి గమనించాలి. పర్షియన్ డిజైను ఉన్నంత మాత్రాన ఇరాన్‌ది కాదు. కాశ్మీర్, అమృత్‌సర్, ఆగ్రాల్లో అవే పతకాలు, అవే తీగలు నేశారు. గోల్కొండ కాలంలో మచిలీపట్నం రేవుకు పర్షియాతో నేరుగా వర్తకం ఉండేది. పర్షియా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఈ పని తెచ్చాయని ఏలూరు నేతగాళ్ల సంప్రదాయం చెబుతుంది. వరంగల్ తివాచీలు 1851 లండన్ మహా ప్రదర్శనకు వెళ్లాయి. మీ తివాచీ ఏలూరుదని తేలితే అది నష్టం కాదు, మన నేలకు చెందిన చరిత్ర. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో తివాచీలున్నాయి. పోల్చుకోవడానికి మీ ఫొటోలు తీసుకుని వెళ్లండి.

అక్షరాలు, సంవత్సరాలు

పై అంచులోనో మూలల్లోనో చిన్న గడిలో రాత ఉందేమో చూడండి. పై అంచు ఏదో తెలియకపోతే అరచేత్తో నిమరండి. నూగు నేత మొదలైన కొస వైపు వాలి ఉంటుంది, రాత తరచూ రెండో కొసన ఉంటుంది. లిపి పర్షియన్ కాబట్టి ఉర్దూ చదవగలిగిన వాళ్లు అక్షరాలు పట్టుకోగలరు. ‘అమల్’ అన్న మాట తర్వాత వచ్చేది నేసినవారి పేరో కార్ఖానా పేరో, ‘ఫర్మాయిష్’ తర్వాత వచ్చేది చేయించుకున్నవారి పేరు. పేరు కనపడగానే పొంగిపోవద్దు. పేరున్న ఉస్తాదుల సంతకాలను వేరే మగ్గాల మీద కూడా నేశారు.

అంకెలు ఎడమ నుంచి కుడికే చదవాలి. సున్నా ఒక చుక్క, ఒకటి నిలువు గీత, అయిదు తలకిందులైన హృదయాకారం. ఏడు, ఎనిమిది ఒకదానికొకటి తలకిందులు, కాబట్టి తివాచీని ఏ వైపు నుంచి చూస్తున్నారో సరిచూసుకోండి. అద్దంలో చూసినట్టు తిరగబడిన అంకెలూ ఉంటాయి. పాత తివాచీ వెనకవైపు చూసి నకలు తీసినప్పుడు అలా అవుతుంది. కొన్నిసార్లు వేల స్థానంలోని 1 రాయరు, 1321కి బదులు 321 అని ఉంటుంది.

చాంద్రమాన హిజ్రీ సంవత్సరమైతే దాన్ని 33తో భాగించి, వచ్చినది అందులోంచి తీసేసి, 622 కలపండి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని అర్దబీల్ తివాచీ మీద 946 ఉంది: 946ను 33తో భాగిస్తే సుమారు 29, తీసేస్తే 917, 622 కలిపితే 1539. ఇరాన్ 1925లో సౌరమాన లెక్కకు మారింది. సౌరమాన సంవత్సరమైతే దానికి 621 కలిపితే చాలు. చిక్కంతా ఇక్కడే. 1321 అన్న అంకె చాంద్రమానంలో 1903, సౌరమానంలో 1942. 1925 అంటే సౌర లెక్కలో 1304, ఆ లెక్క అప్పుడే మొదలైంది కాబట్టి అంతకు తక్కువ అంకె ఉంటే అది చాంద్రమానమే అనుకోవచ్చు. ఆపైన ఉంటే రెండు సంవత్సరాలూ రాసుకుని, రంగులను బట్టి తేల్చండి. 2535 లాంటి పెద్ద అంకె కనిపిస్తే కంగారు పడకండి. 1976 నుంచి 1978 దాకా షా ప్రభుత్వం నడిపిన రాజరిక శకం అది.

మోసం కూడా అంకెల్లోనే జరుగుతుంది. పర్షియన్ 2కు పైన రెండు పళ్లు, 3కు మూడు. ఒక్క పన్ను పీకి నేల రంగు (డిజైను వెనకున్న రంగు) ముడులు వేస్తే 1321 కాస్తా 1221 అవుతుంది, తివాచీకి దాదాపు వందేళ్ల వయసు పెరుగుతుంది. అంకె చుట్టూ వెనకవైపు ముడులు కొత్తగా, బిగుతు వేరుగా ఉన్నాయేమో భూతద్దంతో చూడండి.

రంగు మొదట్లో ఉంటుంది

నూగును వేళ్లతో విడదీసి కొస నుంచి మొదలు దాకా చూడండి. మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం వెలిసినా కొద్దికొద్దిగా వెలుస్తాయి. కొస బూడిద రంగులో ఉండి మొదట్లో ముదురు గులాబీయో ఊదానో మెరిస్తే అది తొలినాటి రసాయన రంగు. కృత్రిమ రంగుల తయారీ 1856లో మొదలైంది కాబట్టి అలాంటి తివాచీ మూడు వందల ఏళ్ల నాటిది కాలేదు. అయితే రంగు అసలు వెలవకపోతే సహజమైనదని అనుకోవద్దు. ఇరవయ్యో శతాబ్దపు క్రోమ్ రంగులు, అంటే క్రోమియం లవణాలతో ఉన్నికి పట్టించే రసాయన రంగులు, వెలవవు.

ఇంకో మంచి గుర్తు ముదురు గోధుమ, నలుపు గీతలు. ఇనుము కలిపిన అద్దకం ఉన్నిని తినేస్తుంది. పువ్వు చుట్టూ నల్ల గీత గాడిలా దిగిపోయి, పక్కనున్న ఎరుపు, నీలం నూగు ఎత్తుగా నిలిచి ఉంటే ఆ అరుగుదల తొక్కిడిది కాదు, అద్దకానిది. నేల రంగు మధ్యలో అడ్డంగా చారలా మారితే దాన్ని అబ్రష్ అంటారు. ఒక విడత ఉన్ని అయిపోయి ఇంకో విడత వాడారన్నమాట, లోపం కాదు.

అరిగిన చోట రంగు పూశారన్న అనుమానం ఉంటే తడిపి పిండిన తెల్ల గుడ్డను పది నిమిషాలు అదిమి ఉంచి, దానికి రంగు అంటిందేమో చూడండి. తివాచీ మొత్తం టీ రంగుకు తిరిగి, ముడి మొదట్లో కూడా అదే మట్టి రంగుంటే పాతగా కనిపించడానికి ముంచారని అనుమానించవచ్చు.

ఒకటి కంటే ఎక్కువ ఉంటే

పాత ఇరానీ గదిలో నాలుగు తివాచీలు కలిపి పరిచేవారు: మధ్యలో పెద్దది మియాన్ ఫర్ష్, దానికి రెండు పక్కలా సన్నటి పొడుగాటి కెనారేలు, తల వైపు అడ్డంగా కెల్లెగీ. మీ ఇంట్లోనో, పంపకాల్లో అన్నదమ్ముల ఇళ్లకు వెళ్లినవాటిలోనో ఇలాంటి కొలతలు కనిపిస్తే అంచు డిజైను, పేక రంగు, ముడుల లెక్క పోల్చండి. అవన్నీ కలిస్తే ఒకప్పుడు ఒకే గదివి కావచ్చు. అంచు ఒక పక్క ఉండి ఇంకో పక్క లేకపోతే ఎవరో కోసి పంచుకున్నారని గుర్తు.

ఇప్పుడు పెద్దవాళ్ల దగ్గరికి

“ఇది ఎప్పటిది?” అని అడిగితే “చాలా పాతది” అన్న జవాబే వస్తుంది. అలా కాకుండా “అమ్మమ్మ పెళ్లినాటికి ఇది ఉందా? ఏ గదిలో పరిచేవారు? తాతయ్య కువైట్ వెళ్లకముందా, వచ్చాకా?” అని అడగండి. పాత పెళ్లి ఫొటోల్లో కాళ్ల కింద వెతకండి. నలుపు తెలుపు ఫొటోలో కూడా ఒక మూల పువ్వు, ఒక అతుకు గుర్తుపట్టవచ్చు. ట్రంకు పెట్టెల్లో రసీదులు, ఓడ సామాను జాబితాలు, వీలునామాలు చూడండి. తివాచీ వెనక ఉన్న కాగితం చీటీ, సీసపు ముద్ర, డ్రైక్లీనింగ్ గుర్తు ఏదీ పీకవద్దు.

నోటుపుస్తకంలో మూడు నిలువు గడులు గీయండి: చూసినది, విన్నది, కాగితం మీద ఉన్నది. ‘విన్నది’ కింద ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో రాయండి. మొత్తం తివాచీ, నాలుగు మూలలు, వెనకవైపు స్కేలు పెట్టి దగ్గరగా, ప్రతి మరమ్మతు, రాత ఫొటో తీయండి. ఉతికిన తెల్ల నూలు పట్టీ మీద నీళ్లకు చెదరని ఇంకుతో ఒక సంఖ్య రాసి, వెనక ఒక మూల పేక దారాలకు వదులుగా కుట్టండి. జిగురు, స్టేప్లరు వాడవద్దు.

పని అయ్యాక మడత పెట్టవద్దు, గొట్టానికి చుట్టి నూలు దుప్పటి కప్పండి. కోస్తా ఉక్కపోతలో ప్లాస్టిక్ సంచి పెడితే బూజు ఖాయం. సోఫా కింద చీకట్లో ఉన్న భాగాన్నే చిమ్మట పురుగులు ముందు తింటాయి, నెలకోసారి రెండు వైపులా దుమ్ము తీయండి.

అమెరికాలోనో మరెక్కడో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే ఈ కాగితాలన్నీ అక్కరకొస్తాయి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువును దేశం దాటించడానికి వీల్లేదు. వయసు అంత లేదనుకుంటే ముందే భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి ధ్రువపత్రం తీసుకోవాలి. ఇరాన్ తివాచీల దిగుమతిని అమెరికా 2018 ఆగస్టు నుంచి మళ్లీ నిషేధించింది. సొంత ఇంటి సామానుకు వేరే నిబంధనలుంటాయి కాబట్టి, పెట్టె కట్టకముందే అక్కడి కస్టమ్స్‌కు రాసి, జవాబు కాగితం మీద తెప్పించుకోండి.