చదివేటప్పుడు పిల్లలు ఎక్కడ ఆగుతున్నారు? సమస్య - పరిష్కారం

3వ తరగతికి వచ్చిన పిల్లల గురించి ‘చదవడం రాదు’ అనేస్తే పని జరగదు. అక్షరం దగ్గర ఆగుతున్నారా, గుణింతం దగ్గరా, ఒత్తు దగ్గరా అన్నది ముందు తేలాలి. ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. పాఠ్యపుస్తకం వద్దు, అందులో పాఠాలు చాలామందికి నోటికి వచ్చేసి ఉంటాయి. ఒక కాగితం మీద వరుస తప్పించి 10 అక్షరాలు, 10 గుణింతాలు, ఒత్తుల్లేని పదాలు 5, ఒత్తులున్నవి 5, ఇదివరకు చూడని నాలుగు చిన్న వాక్యాలు రాయండి. మధ్యలో సరిదిద్దకుండా, వాళ్లు ఏమన్నారో అచ్చం అలాగే రాసుకోండి. ఇంటూ కొడితే కారణం దొరకదు. ‘బస్సు’ను ‘బసుస’ అన్నారని రాసుకుంటే దొరుకుతుంది. ఐదింటిలో నాలుగు సరిగ్గా వస్తే ఆ మెట్టు దాటినట్టే.

సమస్య: పాఠం గడగడా చదువుతారు, ఒక పదం మీద వేలు పెట్టి అడిగితే చెప్పలేరు

‘కీ’ చూపిస్తే ‘క, కా, కి, కీ’ అని మొదటి నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగుతారు. గుణింతం పాటగా వచ్చింది, గుర్తుగా రాలేదు. ఒక్క గుర్తు తీసుకుని దాన్ని అక్షరాల మీద తిప్పండి: కి, గి, తి, లి, రి. అది కుదిరాకే గుడిదీర్ఘం. మ, య గుణింతాలు మిగతావాటిలా ఉండవు కాబట్టి వాటిని చివరికి ఉంచండి. మ-య, ప-ష, ద-ధ-థ లాంటి పోలిక అక్షరాలు ఒకేరోజు నేర్పితే ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. మధ్యలో వారమైనా ఎడం ఇవ్వండి.

సమస్య: ‘మేడ’ను ‘మెడ’ అంటారు

లోపం చెవిదా, కంటిదా? నోరు కనబడకుండా పుస్తకం అడ్డం పెట్టుకుని ‘మెడ’, ‘మేడ’ అని పలికి, ఏది విన్నారో బొమ్మ చూపించమనండి. బొమ్మ సరిగ్గా చూపిస్తే చెవి బాగానే ఉంది, కన్ను గుర్తును దాటేస్తోంది. దీర్ఘం ఉన్నచోట రంగు పెన్సిల్‌తో చుట్టించండి. బొమ్మ కూడా తప్పితే ముందు నోటితోనే పని: పొట్టి అచ్చుకు ఒక చప్పట, దీర్ఘానికి చెయ్యి చాపడం. ‘కొన-కోన’, ‘పడు-పాడు’ జంటలు దీనికి బాగా పనికొస్తాయి.

సమస్య: ‘బస్సు’ను ‘బసుస’, ‘కన్నీరు’ను ‘కనీనరు’ అంటారు

తెలుగులో ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే, ఇందులో పిల్లల తప్పు కూడా తక్కువే. ‘స్సు’లో కొమ్ము పై అక్షరానికి తగిలి ఉంటుంది, ఒత్తు కింద ఉంటుంది. కంటికి ముందు ‘సు’, తర్వాత ‘స’ కనబడతాయి. పలికేటప్పుడు మాత్రం అచ్చు రెండు హల్లుల తర్వాత రావాలి. కన్ను చూసిన వరుసలోనే చదివితే వచ్చేది ‘బసుస’.

ముందు ద్విత్వాలు, అంటే ఒక అక్షరానికి దాని ఒత్తే ఉన్నవి, పట్టండి. వాటిలోనూ రూపం మారని, తలకట్టు ఉంటే అది తీసేస్తే సరిపోయే ఒత్తులు మొదట: గ, జ, డ, ద, బ. రూపం మారిపోయే త, న, మ, య, ర, ల ఒత్తులు తర్వాత, ఒక్కోదానికి రెండు మూడు రోజులు. ఒత్తును వేలితో మూసి ‘గుడి’ చదివించండి, వేలు తీసి ‘గుడ్డి’. అలాగే గడి-గడ్డి, కన-కన్న. చివర్న ‘స్త’, ‘ష్ట’, ‘క్ర’ లాంటివి. ‘చక్రం’లో రావత్తు క కన్నా ముందే ఎడమవైపు మొదలవుతుంది కాబట్టి ‘చర్కం’ అంటారు. అక్కడ ‘పైది ముందు, కిందిది తర్వాత’ అని వేలు పెట్టి చూపాలి.

‘బసుస’ అన్నప్పుడు వెంటనే దిద్దకండి. ‘నువ్వు ఊరికి దేంట్లో వెళ్లావు?’ అని అడగండి. ‘బస్సు’ అన్న మాట వాళ్ల నోట్లో ఎప్పుడో ఉంది, కాగితం మీద ఉన్నది అదేనని తెలిస్తే చాలు.

సమస్య: అన్నీ వస్తాయి, కానీ కూడబలుక్కుంటూ వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతారు

నాలుగు వాక్యాలే తీసుకోండి. మీరొకసారి చదవండి, ఇద్దరూ కలిసి ఒకసారి, వాళ్లొక్కరే రెండుసార్లు. రోజూ పది నిమిషాలు. చిన్న తరగతుల చదువు, లెక్కల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల్లో 3వ తరగతికి నిమిషానికి 60 పదాలు అని ఉంది. మనకు ‘చదువుతున్నప్పుడు’ కూడా ఒక పదమే కాబట్టి ఆ అంకెతో బెంబేలెత్తక్కర్లేదు. పోల్చాల్సింది పోయిన వారంతో.

‘వచ్చాడు’ అని ఉంటే ‘వచ్చిండు’ అని చదివారా? అది తప్పుల్లో లెక్కేయకండి. అర్థమైంది కాబట్టే ఇంటి మాటలోకి మార్చుకున్నారు. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ మాట్లాడే పిల్లలు చక్కగా చదివి కూడా అర్థం చెప్పలేకపోవచ్చు. పాఠానికి ముందు బొమ్మ చూపి అందులోని ఐదారు మాటలు వాళ్ల భాషలో మాట్లాడించండి.

సమస్య: వరస తప్పుతారు, పుస్తకం ముఖానికి ఆనిస్తారు, పిలిస్తే ‘ఆఁ?’ అంటారు

చదువు సంగతి పక్కనపెట్టి కళ్లు, చెవులు చూపించండి. చెవిలో గులిమి గట్టిపడ్డా ఇలాగే ఉంటుంది. పిల్లల ఆరోగ్యం చూడటానికి ప్రభుత్వ బడులకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందానికి పేరు ముందే రాసి ఉంచండి.

సమస్య: రోజూ అరగంట చొప్పున మూడు నెలలు చేయించినా కదలిక లేదు

నోటితో అడిగితే చురుగ్గా చెబుతూ, ఒకే పదాన్ని ఒకే పేజీలో మూడు రకాలుగా రాస్తుంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది, అనుమానించాలి. పదేసిసార్లు రాయించడం, వెనక బెంచీకి పంపడం వల్ల అది పోదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 దీన్ని నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్లో గుర్తించింది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉండే భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయుల్ని కలవండి, పరీక్షలకు ఎక్కడికి పంపాలో వాళ్లు చెబుతారు. వెళ్లేటప్పుడు మార్కుల కార్డు కన్నా, పిల్లలు చదివింది అచ్చం రాసుకున్న ఆ మూడు నెలల కాగితాలు, రాత నోటుపుస్తకం పట్టుకెళ్లండి.